కాన్సులేట్ వాళ్లు కాలేజీకి వచ్చి చెప్పిన స్కాలర్‌షిప్ నిజమేనా? మా అమ్మాయి జపాన్ అంటోంది

ఆకివీడు_నాన్న
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, తప్పులుంటే సర్దుకోండి. మాది ఆకివీడు దగ్గర. రెండు రొయ్యల చెరువులు, కొంచెం వరి. మా అమ్మాయి బీటెక్ బయోటెక్నాలజీ ఫైనల్ ఇయర్. పోయిన వారం వాళ్ల కాలేజీకి చెన్నైలోని జపాన్ కాన్సులేట్ నుంచి ఇద్దరు వచ్చి గంటన్నర మాట్లాడారట. అక్కడి ప్రభుత్వమే ఫీజు కట్టి, నెలనెలా ఖర్చులకు డబ్బిచ్చి, విమానం టికెట్ కూడా కొని చదివిస్తుందట. అప్పట్నుంచీ ఇంట్లో ఒకటే గోల, "నాన్నా, దీనికి పెడతాను" అని.

మాకు తెలిసిన కన్సల్టెన్సీ అతన్ని అడిగాను. నవ్వాడు. "అవన్నీ కాగితం మీదే బాబాయ్. యూకే వేద్దాం, ముప్పై లక్షల లోన్ నేను చేయిస్తా" అన్నాడు. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టడం నాకు కొత్తేమీ కాదు. కానీ పోయినేడు రొయ్యలకు వైట్ స్పాట్ వైరస్ జబ్బు వచ్చి ఒక చెరువు మొత్తం పోయింది. ఇంకో అప్పంటే గుండె దడగా ఉంది.

నా అనుమానం ఒక్కటే. ఊరికే ఎవరైనా ఇంత డబ్బు ఎందుకిస్తారు? మెలిక ఎక్కడుంది?

మాజీ_కౌన్సిలర్
సోమవారం, రాత్రి 10:15

బాబాయ్ గారూ, నేను విజయవాడలో నాలుగేళ్లు ఒక కన్సల్టెన్సీలో పనిచేశాను. పేరు అడక్కండి. అతను ఎందుకు నవ్వాడో నాకు తెలుసు.

యూకే, ఆస్ట్రేలియా లాంటి చోట్ల చాలా యూనివర్సిటీలు, చేరిన ప్రతి విద్యార్థి కట్టే ఫీజులో కొంత శాతం ఏజెంటుకు కమిషన్‌గా ఇస్తాయి. బోర్డు మీద "ఉచిత సేవ" అని రాసేది అందుకే. ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద వెళ్లే పిల్ల వల్ల మాకు రూపాయి రాదు. స్కాలర్‌షిప్ అని ఎవరైనా అడిగితే మాట మార్చమని మా మేనేజర్ నోటితోనే చెప్పేవాడు, కాగితం మీద పెట్టేవాడు కాదు.

అతను చెప్పినదాంట్లో ఒక ముక్క నిజం. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. కానీ అప్లికేషన్ ఫీజు లేదు. రాకపోతే పోయేది టైమ్ ఒక్కటే.

డాలస్_వెంకట్
సోమవారం, రాత్రి 11:05

నేను వేరే మాట చెబుతా, తిట్టుకోకండి. 2016లో 24 లక్షల లోన్‌తో వచ్చాను. ఎమ్మెస్ రెండేళ్లు, తర్వాత ఓపీటీ, అంటే చదువయ్యాక కొన్నాళ్లు పనిచేసుకోనిచ్చే అనుమతి, రెండోసారి లాటరీలో హెచ్-1బీ వర్క్ వీసా. లోన్ తీరడానికి నాలుగేళ్లు పట్టింది. అయినా అది నేను ఎంచుకున్న దారి, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

ఈ ఎంబసీ స్కాలర్‌షిప్‌ల లెక్క వేరు. "చదువుకుని మీ దేశం వెళ్లి మా గురించి నాలుగు మంచి మాటలు చెప్పండి" అని ఇస్తారు. అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ చూడండి. జె-1 వీసా మీద తెస్తారు, అయ్యాక రెండేళ్లు ఇండియాలో ఉండాలి, అప్పటిదాకా హెచ్-1బీ లేదు, గ్రీన్ కార్డు లేదు. మన జనం చదువు కోసమే విమానం ఎక్కుతున్నారా? గుండెల మీద చెయ్యేసుకుని చెప్పండి.

సెందాయ్_సుధ
మంగళవారం, ఉదయం 6:20

వెంకట్ అన్నా, ఫుల్‌బ్రైట్ సంగతి కరెక్టే. కానీ బాబాయ్ గారు అడుగుతున్న దానికి ఆ షరతు లేదు. నాతో వచ్చినవాళ్లలో ఇద్దరు చదువయ్యాక ఇక్కడే ఉద్యోగాల్లో చేరారు.

బాబాయ్ గారూ, నేను తోహోకు యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, సెందాయ్‌లో. ఊరు ఒంగోలు పక్కన. మీ అమ్మాయి విన్నది నిజమే. దాన్ని మెక్స్ట్ స్కాలర్‌షిప్ అంటారు, పాతవాళ్లు మొంబుషో అనేవారు. జపాన్ ప్రభుత్వం 1954 నుంచి ఇస్తోంది. ఎంబసీ ద్వారా వెళ్లేది ఒక దారి, అక్కడి యూనివర్సిటీయే సిఫారసు చేసేది ఇంకో దారి. మన రెండు రాష్ట్రాలకూ చెన్నై కాన్సులేటే. మీ అమ్మాయి డిగ్రీ అయ్యాక వెళ్తుంది కాబట్టి రీసెర్చ్ స్టూడెంట్ కోటాలో పెట్టాలి. వయసు 35 లోపు ఉండాలి, ఆ బెంగ మీకు లేదు.

ప్రకటన సాధారణంగా ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది. ముందు కాగితాలు చూసి కొందర్ని పిలుస్తారు. తర్వాత ఇంగ్లీషు, జపనీస్ భాషల రాతపరీక్ష. జపనీస్ పేపర్ చూసి భయపడొద్దు, నేను నా పేరు తప్ప ఏమీ రాయలేదు. తర్వాత ఇంటర్వ్యూ. అది దాటితే ఒక సర్టిఫికెట్ చేతికిస్తారు. దాన్ని పట్టుకుని జపాన్ ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టి "మా ల్యాబులో చేర్చుకుంటాం" అనే లెటర్ తెప్పించుకోవాలి. ఈ చివరి పని మనమే చేసుకోవాలి, కాన్సులేట్ చేయదు. చాలామంది టెన్షన్ పడేది ఇక్కడే.

వచ్చాక ఆర్నెల్లో ఏడాదో కెంక్యూసెయ్‌గా ఉంటారు, అంటే ఇంకా డిగ్రీలో చేరని పరిశోధక విద్యార్థి. ఆ తర్వాత ప్రవేశ పరీక్ష రాసి మాస్టర్స్‌లో చేరతారు. మాస్టర్స్‌లో నెలకు 1,44,000 యెన్‌లు, ఫీజు పూర్తిగా మాఫీ. సెందాయ్‌లో ఆ డబ్బుతో బతికి, అప్పుడప్పుడు ఇంటికి కూడా పంపాను. టోక్యో అయితే చూసి ఖర్చు పెట్టుకోవాలి.

ఇక అసలు విషయం. అందరూ బోల్తా పడేది రీసెర్చ్ ప్లాన్ దగ్గర. నేను మొదటి ఏడాది కాంక్రీటుకూ నానో టెక్నాలజీకీ ముడిపెట్టి రెండు పేజీల గొప్పలు రాశాను. కాగితాల దగ్గరే పోయింది. రెండో ఏడాది మా చీమకుర్తి గురించి రాశాను. గ్రానైట్ కోసినప్పుడు వచ్చే బురదను గుట్టల పక్కన పారబోస్తారు కదా, దాన్ని కాంక్రీటులో ఎంత శాతం కలపొచ్చు అని. ఇంటర్వ్యూలో పావుగంట ఆ బురద గురించే అడిగారు. ఎండాకాలం అది గాలికి లేచి మా ఇంటి మిద్దె మీద ఎలా పేరుకుంటుందో చెప్పాను.

మీ ఇంట్లో రెండు చెరువులున్నాయి, ఒకటి వైట్ స్పాట్‌తో పోయింది. ఆ పిల్లకు ఇంతకంటే టాపిక్ ఏం కావాలి? జపాన్‌లో 1993లోనే ఆ వైరస్ వాళ్ల కురుమా రొయ్యల్ని దెబ్బతీసింది, మన కోస్తాకు వచ్చింది ఆ తర్వాతే. టోక్యోలో సముద్ర విజ్ఞానానికే ఒక ప్రభుత్వ యూనివర్సిటీ ఉంది. అక్కడ చేపల, రొయ్యల జబ్బుల మీద పనిచేసేవాళ్లు ఉన్నారు, వెతకమనండి.

ఆకివీడు_నాన్న
మంగళవారం, ఉదయం 8:05

అమ్మా సుధా, నీ మెసేజ్ మా అమ్మాయికి చదివి వినిపించాను. "నాన్నా, నేను వేరే ఏదో రాద్దామనుకున్నాను" అంది. చూస్తే అది కూడా క్యాన్సర్, నానోయే.

మెలిక మాత్రం నాకింకా దొరకలేదు. ఎందుకిస్తున్నారు?

రిటైర్డ్_లెక్చరర్
మంగళవారం, ఉదయం 11:30

ఊరికే ఎవరూ ఇవ్వరండీ. మీ అనుమానం సరైనదే. కానీ ఇచ్చేవాడి అవసరం వేరు, తీసుకునేవాడికి దక్కేది వేరు. నా అనుభవం చెబుతాను, కాస్త పొడుగైతే క్షమించాలి.

1951లో మన దేశంలో తిండిగింజలకు కటకట వచ్చినప్పుడు అమెరికా 19 కోట్ల డాలర్ల అప్పు మీద గోధుమలు పంపింది. ఆ అప్పుకు మనం కట్టే వడ్డీలోంచి 50 లక్షల డాలర్లు పుస్తకాలకు, అధ్యాపకుల రాకపోకలకు ఖర్చు పెట్టాలని నిర్ణయించారు. తర్వాత పీఎల్ 480 అనే అమెరికా చట్టం కింద గోధుమలొచ్చాయి. వాటికి మనం కట్టిన రూపాయలు ఇక్కడే పేరుకుపోయాయి. 1962 నుంచి ఆ రూపాయలతో మన భాషల పుస్తకాలు కొని ఓడల్లో అమెరికా లైబ్రరీలకు పంపారు, తెలుగు పుస్తకాలు కూడా. మన జిల్లా గ్రంథాలయంలో చెదలు తిన్న పుస్తకం ఇవాళ షికాగోలో దొరుకుతోందంటే అది ఆ గోధుమల చలవే.

1964లో ఉస్మానియా ఆవరణలో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ పెట్టారు. 1983 వేసవిలో కాకినాడ నుంచి రైలెక్కి వెళ్లి అక్కడ ఆరు వారాలున్నాను. దేశం నలుమూలల నుంచీ ఇంగ్లీషు లెక్చరర్లు వచ్చి హాస్టల్లో ఉండి థీసిస్‌లు రాసుకునేవారు. ఏసీ గదిలో కూర్చోవడం నాకు అదే మొదటిసారి. మధ్యాహ్నం మూడయ్యేసరికి ధ్యాస పుస్తకం మీద కంటే ఆ చల్లదనం మీదే ఎక్కువ ఉండేదని ఒప్పుకోవాలి.

వాళ్ల ఉద్దేశం మాకు తెలియక కాదు. అవి అమెరికా, రష్యా పోటీపడుతున్న రోజులు. మా ఊళ్లో ఆగే పుస్తకాల వ్యానులో మాస్కోలో తెలుగులో అచ్చయిన సైన్సు పుస్తకాలు కారుచౌకగా దొరికేవి. మా వీధి కుర్రాడొకడు మాస్కోలోని లుముంబా యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివొచ్చి, రష్యన్ మాట్లాడి చూపించమంటే సిగ్గుపడేవాడు. ఇద్దరి పుస్తకాలూ చదివాం. ఇద్దరికీ లొంగలేదు.

జపాన్ సంగతి ఇంకా సూటిగా ఉంది. అక్కడ పిల్లలు తగ్గిపోతున్నారు, తరగతులు ఖాళీ అవుతున్నాయి. 2033 నాటికి 4 లక్షల మంది విదేశీ విద్యార్థులు కావాలని వాళ్ల ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. ఫ్రాన్స్ 2030కి 30 వేల మంది భారతీయ విద్యార్థులు కావాలంటోంది. మీరడిగిన మెలిక అదేనండీ. వాళ్లకు మీ అమ్మాయి కావాలి.

తార్నాక_ఇంతియాజ్
మంగళవారం, మధ్యాహ్నం 2:10

మాష్టారూ, ఒక మాట కలుపుతా. ఈ పని వాళ్లే కాదు, మన ప్రభుత్వమూ చేస్తోంది. 1950లో మౌలానా ఆజాద్ పెట్టిన సాంస్కృతిక సంబంధాల సంస్థ ఐసీసీఆర్ ఇచ్చే స్కాలర్‌షిప్‌ల మీద ఎన్నో దేశాల పిల్లలు ఇక్కడ చదువుతున్నారు. ఇక్కడి ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో ఇంగ్లీషు నేర్చుకోవడానికి విదేశీ అధికారులు కూడా వస్తుంటారు.

మా పై పోర్షన్‌లో మూడేళ్లు ఒక సూడాన్ కుర్రాడు ఉన్నాడు, ఉస్మానియాలో ఎమ్మెస్సీ. అంతకు ముందు పదకొండు ఇళ్లు తిరిగాడట, అందరూ టులెట్ బోర్డు అలాగే ఉంచి "ఇచ్చేశాం" అన్నారట. మా అమ్మ మాత్రం "నమాజ్ చేస్తాడా, టైముకు అద్దె కడతాడా, చాలు" అంది. వాడికి బగారా అన్నం అలవాటైంది, మాకు వాడి బెండకాయ ఎండు పొడి కూర అలవాటైంది. 2023 ఏప్రిల్‌లో వాళ్ల దేశంలో యుద్ధం మొదలైంది. కోర్సు అయిపోయినా వెళ్లడానికి ఇల్లు లేదు. ఇప్పుడు ఈజిప్టులో ఉన్నాడు, రంజాన్‌కు ఫోన్ చేసి అమ్మతో మాట్లాడతాడు, తెలుగులోనే.

ఢిల్లీలో ఎవరో సంతకం పెడితే స్కాలర్‌షిప్ వస్తుంది. ఇల్లు అద్దెకిచ్చేది మాత్రం తార్నాకలో మా అమ్మ. జపాన్‌లో మీ అమ్మాయికీ అలాంటి ఓనరమ్మ దొరకాలని దువా.

శ్రీకాకుళం_చిన్ని
మంగళవారం, సాయంత్రం 5:45

అందరూ బాగానే చెబుతున్నారు గానీ, మా కాలేజీకి ఏ కాన్సులేటూ రాలేదండీ. పలాస దగ్గర డిగ్రీ కాలేజీ మాది. వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీలో 2021లో అమెరికన్ కార్నర్ అనే సమాచార కేంద్రం పెట్టారని పేపర్లో చూసి పోయినేడు నేనూ నా ఫ్రెండూ వెళ్లాం. పొద్దున రైలెక్కితే రాత్రికి ఇల్లు చేరాం. అక్కడ ఓపిగ్గానే చెప్పారు. కానీ ఇంగ్లీషులో ప్రశ్న అడగడానికి నోరు రాలేదు. నా ఫ్రెండ్ చేయి ఎత్తి, మళ్లీ దించేసింది.

స్కాలర్‌షిప్‌ల గురించి తెలుగులో ఒక్క పేజీ అయినా ఎందుకు పెట్టరు? పిల్లలు ఇంగ్లీషులో చదవాలి సరే, కాగితం చూసి ఒప్పుకోవాల్సింది అమ్మానాన్నలు కదా. మా నాన్నకు నేను చెబితే నమ్మడు, కన్సల్టెన్సీ బ్రోచర్ తెలుగులో ఉంటుంది కాబట్టి దాన్ని నమ్ముతాడు.

మాజీ_కౌన్సిలర్
మంగళవారం, సాయంత్రం 6:30

చిన్నీ, నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మేం బ్రోచర్ తెలుగులో వేసింది అందుకే. మండలం పేరు వేసి మరీ ఫ్లెక్సీలు కట్టేవాళ్లం. దౌత్య కార్యాలయాల వాళ్లు ఆడిటోరియం, ప్రొజెక్టర్ ఉన్న కాలేజీలకు వెళ్తారు, ఎందుకంటే పిలిచేది ఆ కాలేజీలే. మీ ప్రిన్సిపాల్‌తో కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒక మెయిల్ పెట్టించు. మనిషి రాకపోయినా ఆన్‌లైన్‌లో మాట్లాడే అవకాశం ఉంటుంది. అమెరికా వైపు ఎడ్యుకేషన్‌యూఎస్ఏ అని ఉంది, వాళ్ల విదేశాంగ శాఖ నడిపే సలహా కేంద్రాలు, హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. కమిషన్ తీసుకోరు. ఫలానా యూనివర్సిటీలోనే చేరమని తోయరు.

ఆఖెన్_పద్మజ
మంగళవారం, రాత్రి 9:15

జర్మనీ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి చిన్న ముక్క. నాకు జర్మన్ ప్రభుత్వ డబ్బుతో ఇచ్చే డీఏఏడీ స్కాలర్‌షిప్ రాలేదు. అయినా వచ్చాను, ఎందుకంటే ఇక్కడ చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజే లేదు. బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం బయటి దేశాల వాళ్లు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. 2022 నవంబరు నుంచి మనవాళ్లకు ఏపీఎస్ సర్టిఫికెట్, అంటే మన చదువు కాగితాలు అసలువేనని చూసి ఇచ్చేది, తప్పనిసరి, దానికి 18,000 రూపాయలు. బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. ఆ డబ్బు మీదే, నెలనెలా మీకే తిరిగి ఇస్తారు. కానీ ఒకేసారి అంత మూటగట్టాలి, దానికే చాలామంది లోన్ తీసుకుంటారు. కాబట్టి ఫ్రీ అనే మాట వినగానే ఎగరొద్దు.

హంగరీ వాళ్లు భారతీయులకు ఏటా 200 సీట్లు ఇస్తారు, స్టిపెండియుం హంగరికుం అని, మన విద్యాశాఖ ద్వారా వెళ్లాలి. ఫీజు లేదు, నిజమే. కానీ మాస్టర్స్‌కు ఇచ్చే 43,700 ఫోరింట్లతో బుడాపెస్ట్‌లో నెల గడవదు. మా కజిన్ అక్కడే ఉంది, ఇంటి నుంచి పచ్చళ్లతో పాటు డబ్బు కూడా వెళ్తుంది.

డాలస్_వెంకట్
మంగళవారం, రాత్రి 11:40

నిన్న కొంచెం దురుసుగా రాశాననిపిస్తోంది. అసలు విషయం చెబుతా. మా తమ్ముడికి 2025 మే నెలలో అడ్మిషన్, వీసాకు యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం అన్నీ వచ్చాయి. సరిగ్గా ఆ నెలాఖరున వీసా ఇంటర్వ్యూ స్లాట్లు ఆపేశారు. జూన్‌లో మళ్లీ తెరిచి, సోషల్ మీడియా అకౌంట్లు అందరికీ కనబడేలా పెట్టమన్నారు. వాడు కూర్చుని ఇన్‌స్టాలో ఎనిమిదేళ్ల పోస్టులు తిరగేశాడు, సినిమా హీరోల ఫ్యాన్స్ గొడవల్లో రాసిన బూతులు చెరిపేయడానికే రెండు రోజులు. చివరికి స్లాట్ దొరికేసరికి సెమిస్టర్ మొదలైపోయింది. ఇప్పుడు ఖాళీగా ఇంట్లో ఉన్నాడు, అమ్మ నన్ను తిడుతోంది.

2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు. ఆ అంకె చూసి మనం మురిసిపోయాం. అందరూ ఒకే గుమ్మం ముందు నిలబడ్డామని అప్పుడు తట్టలేదు.

సుధా, మెక్స్ట్‌కు మా తమ్ముడు పెట్టొచ్చా? బీటెక్ సీఎస్‌ఈ, సీజీపీఏ 7.2.

సెందాయ్_సుధ
బుధవారం, ఉదయం 6:05

పెట్టొచ్చు అన్నా, కానీ నిజం చెప్పాలంటే 7.2తో కాన్సులేట్ దారిలో కష్టం. పక్క దారులు చూడమను. సకురా సైన్స్ అని 2014 నుంచి ఉంది, ఒకటి రెండు వారాలు ల్యాబులు చూపించి పంపుతారు, కానీ కాలేజీ ద్వారా వెళ్లాలి. లేదంటే ముందు ఐఐటీ హైదరాబాద్‌లో ఎంటెక్ ప్రయత్నించమను. కంది క్యాంపస్ కట్టడానికి జపాన్ సంస్థ జైకా అప్పిచ్చింది, అక్కడి విద్యార్థుల్ని జపాన్ యూనివర్సిటీలకు పంపడానికి వేరే స్కాలర్‌షిప్ కూడా పెట్టింది. రెండు దేశాల ప్రధానులు చేతులు కలిపి ఫొటో దిగిన ఒప్పందాల్లో మన కళ్లకు కనబడేది అదొక్కటే అనిపిస్తుంది నాకు.

వేదిక_నిర్వాహకుడు
బుధవారం, ఉదయం 9:00

వీసాల మీద పార్టీ రాజకీయాలు రాసిన ఆరు పోస్టులు తీసేశాను. కన్సల్టెన్సీ ఫోన్ నంబర్లు పెట్టిన మూడు అకౌంట్లు కూడా. చర్చ కొనసాగించండి.

రిటైర్డ్_లెక్చరర్
బుధవారం, ఉదయం 10:20

చిన్ని అమ్మాయీ, ఆ స్కాలర్‌షిప్ నోటిఫికేషన్ నాకు పంపు. నాకిప్పుడు పనేమీ లేదు, తెలుగులో రాసి ఇక్కడే పెడతాను. మీ నాన్నగారికి ప్రింట్ తీసి చూపించు.

ఒక సూచన అందరికీ. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎక్కడుందో ఇప్పుడే చూసుకోండి. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ముందుంటుంది, లేదా ఒక్క అక్షరంగా ఉంటుంది. మా మనవడు ఆ ఒక్క అక్షరం వల్ల రెండు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాడు.

ఆకివీడు_నాన్న
శుక్రవారం, రాత్రి 10:50

అందరికీ కృతజ్ఞతలు. రెండు రోజులుగా రాయలేకపోయాను, చెరువు దగ్గర పడుకుంటున్నాను.

మా అమ్మాయి నానో కాగితం పక్కన పడేసింది. పోయినేడు చెరువు పోయిన వారం నేను రాసుకున్న నోటుబుక్కు తీసుకుంది. మేత ఎంత వేశాను, నీళ్లు ఎప్పుడు మార్చాను, మొదటి రొయ్య గట్టు పక్కకు ఏ రోజు తేలింది, అన్నీ అందులో ఉన్నాయి. నేను అప్పుల లెక్క కోసం రాసుకున్నదది. దాన్ని కూర్చుని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తోంది.

పాస్‌పోర్టు చూశాం మాష్టారూ. ఇంటిపేరు తప్పే ఉంది. సోమవారం భీమవరం వెళ్తున్నాం.

ఇందాక ఫోన్ చేసి, "నాన్నా, నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గేది ఎన్నింటికి?" అని అడిగింది. తెల్లవారుజామున నాలుగు, ఐదు మధ్య అని చెప్పాను. "అది నీకెలా తెలుసు, మీటర్ ఉందా?" అంది. మీటర్ లేదు, ఆ టైముకు రొయ్యలు పైకొస్తాయి, నేను లేచి ఏరేటర్లు వేస్తాను అన్నాను. సరిగ్గా అదే రాస్తానంది.

సుధమ్మా, అది ఇంగ్లీషులో రాసింది ఒకసారి చూసి పెడతావా?